కాగితం మిల్లు నుంచి కరాచీ దాకా

1948లో విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధాన్ని పుస్తకంగా అచ్చువేయించడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆరు సంపుటాలు. యుద్ధాన్ని నడిపిన ప్రధానే ఆ యుద్ధానికి చరిత్రకారుడు కావడం లోకంలో అరుదు. 1945 ఎన్నికల్లో జనం ఆయన్ను గద్దె దించిన మాట నిజమే, అయినా యుద్ధం గెలిచినవాడు. సర్కారు కాగితాలు చూసుకునే వీలుంది, పక్కన సహాయకులున్నారు, పుస్తకం ఎప్పుడొస్తుందా అని కాచుకున్న పాఠకులు దేశదేశాల్లో ఉన్నారు. 1953లో సాహిత్యానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఆ 1948లోనే మన దగ్గర ఒక ప్రధాని యుద్ధం ఓడిపోయాడు. పేరు మీర్ లాయక్ అలీ. నిజాం రాజ్యానికి చిట్టచివరి సదరే ఆజం. ఆయన కూడా తన యుద్ధం గురించి పుస్తకం రాసుకున్నాడు. ఒకటే సంపుటం, ఇంగ్లీషులో, 1962లో, కరాచీలో. పేరు 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్'. ఏ రాజ్యం గురించి రాశాడో ఆ రాజ్యం అప్పటికి పటంలో లేదు. ఏ దేశంలో ఉండి రాశాడో ఆ దేశం, ఆయన పడిపోతున్నప్పుడు చెయ్యి అందించలేకపోయింది.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ పేరు ఎత్తితే ఇవాళ్టికీ ముసలివాళ్ల మొహాలు మారిపోతాయి. లాయక్ అలీ అంటే మాత్రం ఎవరని అడుగుతారు. చిత్రమేమిటంటే, రజ్వీ మన ఉత్తర తెలంగాణలో భయం తప్ప ఏమీ మిగల్చలేదు. లాయక్ అలీ చేతి గుర్తు మాత్రం ఆదిలాబాద్ అడవి అంచున ఒక ఊరికి ఊరై నిలబడి ఉంది.

కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలుదారిలో సిర్పూర్ కాగజ్‌నగర్ వస్తుంది. ఒకప్పుడు అది కొత్తపేట. రాజకీయాల్లోకి రాకముందు లాయక్ అలీ ఇంజనీరు, పరిశ్రమలు నడిపినవాడు. సిర్పూర్ పేపర్ మిల్లు వెనక నిలబడినవాళ్లలో ముఖ్యుడు. కంపెనీ 1938లో ఏర్పడింది, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. కావలసినంత వెదురు అడవిలో ఉంది, వాగు నీళ్లున్నాయి, సరుకు మోయడానికి రైలు పట్టాలున్నాయి, బాయిలర్లకు బెల్లంపల్లి బొగ్గు అదే దారిలో ఉంది. ఇంజనీరు కన్ను పడవలసిన చోటే పడింది. పైగా యుద్ధకాలం. సముద్రాల మీద ఓడలు మునుగుతున్నాయి, విదేశీ కాగితం గగనమైపోయింది. ఎక్కడో యూరప్‌లో మొదలైన మంట ఆసిఫాబాద్ అడవిలోని ఒక మిల్లుకు గిరాకీ తెచ్చిపెట్టింది. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది.

1945 డిసెంబర్‌లో సింగరేణి బొగ్గు కంపెనీలో పెత్తనానికి సరిపడా వాటాలను నిజాం సర్కారు లండన్ మార్కెట్లో కొన్నప్పుడు, వాటికి ధర్మకర్తగా నిలబెట్టింది హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీని. అందులోనూ లాయక్ అలీ హస్తముంది. బొగ్గు, కాగితం, కట్టడాలు. ఇక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఇవాళ ఏ పాలిటెక్నిక్ కాలేజీకో ఉండేది. ఇది పొగడ్త కాదు, నేను నిజంగా నమ్మే మాట.

అయితే ఆ అడవిలో అప్పుడు ఇంకో కథ కూడా నడుస్తోంది. మిల్లు కంపెనీ పుట్టిన రెండేళ్లకు, 1940లో, జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు కుమురం భీం కూలిపోయాడు. పోడు చేసుకున్న నేల మీద గోండులకు, కోలాములకు పట్టా కాగితం లేదు. అడవి జవాన్లు వచ్చి పంట తగలబెట్టినా అడగడానికి చేతిలో ముక్క లేదు. భీం చనిపోయాక గానీ సర్కారుకు సోయి రాలేదు. యుద్ధం మొదలవగానే శత్రుదేశస్థుడనే ముద్ర పడి హైదరాబాద్ రాజ్యం దాటి పోగూడదని ఆంక్షల్లో ఉన్న వియన్నా పండితుడు హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవులకు వచ్చి, మార్లవాయిలో మకాం వేసి, గోండుల గోస నివేదికలుగా రాసిపెట్టాడు. ఆ తర్వాతే కొందరికి పట్టాలు దక్కాయి. ఒకే అడవి. ఒక కొసన టన్నుల కొద్దీ కాగితం తయారవుతోంది, ఇంకో కొసన ఒక్క కాగితం కోసం మనుషులు చచ్చిపోతున్నారు. లాయక్ అలీ దుర్మార్గుడని కాదు నేను చెప్పేది. ఆయన చూపు మిల్లు దాకా వచ్చి ఆగింది. రాజ్యం నడిపినప్పుడు కూడా ఆ చూపే ఆయన్ను ముంచింది.

ప్రపంచ యుద్ధం కరీంనగర్ పల్లెకు ఇంకో రూపంలో వచ్చింది. దాని పేరు లెవీ. నిజాం నవాబు బ్రిటిష్ వాళ్లకు 'నమ్మకమైన మిత్రుడు'. ఆ బిరుదు ఆయనకు వాళ్లే ఇచ్చారు. ఆయన పేరు మీద ఇంగ్లండ్ ఆకాశంలో యుద్ధవిమానాల దళాలు ఎగిరాయి. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌ను 'హైదరాబాద్' స్క్వాడ్రన్ అనేవాళ్లు. ఇక్కడ ఊళ్లో మాత్రం పటేల్ పట్వారీలు రైతు కల్లం మీదికి వచ్చి లెవీ కింద గల్లా కొలుచుకుపోయారు. దొరల గరిసెల జోలికి ఎవరూ పోలేదు. రెండెకరాల వాడు లెవీ కట్టడానికి బయట ఎక్కువ ధరకు వడ్లు కొని మరీ కట్టాడు. దొర భూమి పట్వారీ లెక్కలో తగ్గుతుంది, బీదవాడి భూమి పెరుగుతుంది. చర్చిల్ ఆరు సంపుటాల యుద్ధంలో ఈ కల్లం ఎక్కడా ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. కానీ తెలంగాణ పల్లె తిరగబడటానికి కారణాలు వెతికేవాళ్లు ఆ కల్లం దగ్గర తప్పక ఆగాలి.

ఇక 1947. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం మాత్రం దేశంలో కలవనన్నాడు. ఛత్తారీ నవాబు ప్రధాని. బ్రిటిష్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్ సలహాదారు. ఢిల్లీతో యథాతథ ఒప్పందం దాదాపు కుదిరింది. అక్టోబర్ చివరి వారంలో ఒక రాత్రి తెల్లవారకముందే రజ్వీ పార్టీ ఇత్తెహాద్ గుంపులు ఛత్తారీ, మాంక్టన్‌ల ఇళ్లను చుట్టుముట్టాయి. ఢిల్లీ పోవలసిన బృందం ఆగిపోయింది. ఛత్తారీ తప్పుకున్నాడు.

ఆ అక్టోబర్‌లోనే లాయక్ అలీ అమెరికాలో ఉన్నాడు. కొత్తగా పుట్టిన పాకిస్తాన్ కోసం జిన్నా ఆయన్ను అప్పు అడగడానికి పంపాడు. అడిగింది దాదాపు 200 కోట్ల డాలర్లు. దక్కింది అందులో ఏ మూలకూ రానిది. నిజాం ప్రజ, జిన్నా దూత, నవంబర్ తిరిగేసరికి హైదరాబాద్ ప్రధాని! ఢిల్లీకి అనుమానం రావడానికి ఇంకేం కావాలి? 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద సంతకాలైతే అయ్యాయి. ఆ సంతకాల తడి ఆరకముందే పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చిన సంగతి బయటపడింది. రాజ్యంలో కల్దార్ (భారత) రూపాయి చెల్లదనీ, బంగారం, వెండి సరిహద్దు దాటకూడదనీ ఆజ్ఞలు వచ్చాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. ఇటు నుంచి భారత ప్రభుత్వం సరుకులు ఆపేసింది. ఉప్పు కరువైంది, పెట్రోలు కరువైంది, ఆసుపత్రిలో మందులు కరువయ్యాయి. సర్కార్లు రెండూ పంతానికి పోయాయి, ఉప్పులేని అంబలి తాగింది పల్లెవాడు.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి దగ్గర కొంచెం ఆగాలి.

1948 మార్చి 14. హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టలు. అప్పట్లో అదంతా కరీంనగర్ జిల్లానే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న అనభేరి ప్రభాకర్ రావు దళం అక్కడ ఆగింది. ప్రభాకర్ రావు పోలంపల్లి దేశ్‌ముఖ్ కుటుంబంలో పుట్టినవాడు. కావాలంటే గడీలో కూచుని హుక్కా తాగుతూ బతకొచ్చు. అందుకు బదులు ఊరూరా తిరిగి పట్వారీ దఫ్తర్లు తీయించి నడిబజార్లో తగలబెట్టించాడు. పహాణీలు, అప్పుల తమస్సుకులు, లెవీ లెక్కలు. అక్షరం రాని రైతుకు ఆ కాగితాలంటే భయం. ఏముందో తెలియదు, బొటనవేలు మాత్రం తనదే. ఆ భయం మండుతుంటే ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. ఆ దళాన్ని నిజాం పోలీసులు, రజాకార్లు చుట్టుముట్టారు. ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, మొత్తం 12 మంది ఆ గుట్టల్లోనే ప్రాణాలు వదిలారు.

ఆ రోజున రాజ్యానికి ప్రధాని లాయక్ అలీ. కాగితం మిల్లు కట్టినవాడి ఏలుబడిలో కాగితాలు కాల్చినవాళ్లు చచ్చిపోయారు. తూటాకు ఆజ్ఞ ఆయన ఇచ్చాడని నేననను. కానీ తన పేరు మీద ఊళ్లల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం ప్రధాని పని. ఆగస్టులో బైరాన్‌పల్లి బురుజు కింద ఒక్క పూటలో తొంభై మందికి పైగా చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందు హైదరాబాద్ వీధిలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. ముస్లిం అయ్యుండి రజాకార్లను తప్పుపట్టడం ఆయన చేసిన నేరం. వీటిలో ఏ ఒక్కదాని తర్వాతైనా రజ్వీని పట్టి బంధించి ఉంటే లాయక్ అలీ చరిత్ర వేరుగా ఉండేది. రజ్వీని ఆపే బలం ఆయనకు లేదని కొందరంటారు. లేకపోతే దిగిపోవాలి, ఛత్తారీ దిగిపోలేదా?

అవకాశం రాకపోలేదు. జూన్ నాటికి గవర్నర్ జనరల్ మౌంట్‌బాటెన్ వెళ్లిపోయే రోజులు దగ్గరపడ్డాయి. పోయేలోగా ఈ ముడి విప్పాలని ఆయన పంతం. ఢిల్లీలో లాయక్ అలీ రోజుల తరబడి కూచుని ఒక ముసాయిదా తేల్చాడు. హైదరాబాద్‌కు సొంత సైన్యం కొంత మిగిలేది, లోపలి పాలనలో కొంత స్వేచ్ఛ మిగిలేది, రాజు సింహాసనం ఉండేది. సర్దార్ పటేల్ అయిష్టంగానే సరేనన్నాడు. కాగితం హైదరాబాద్ చేరింది, నిజాం కాదన్నాడు. ఇంకేవో మార్పులు కావాలన్నాడు. జూన్ 21న మౌంట్‌బాటెన్ విమానం ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అంత మంచి షరతులు హైదరాబాద్‌కు ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వవలసిన పనీ లేకపోయింది. జూలైలో చర్చిల్ లండన్ పార్లమెంటులో లేచి హైదరాబాద్ తరఫున గట్టిగా మాట్లాడాడు. ఆయన అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాడు. ఆయన మాటతో ఇక్కడ ఒక్క తుపాకీ పెరగలేదు, భ్రమ మాత్రం పెరిగింది.

సెప్టెంబర్ 11న జిన్నా కన్నుమూశాడు. 13న తెల్లవారుజామున భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా లోపలికి వచ్చింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి దానికి నాయకుడు. ఇంకో దళం బెజవాడ వైపు నుంచి, మరొకటి ఔరంగాబాద్ వైపు నుంచి. హైదరాబాద్ సైన్యం సేనాపతి ఎల్ ఎద్రూస్ దగ్గర కాగితం మీద 22 వేల మంది. మంచి శిక్షణ ఉన్నవాళ్లు అందులో కొద్దిమందే. రజాకార్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి బర్మార్లు, బల్లాలు; ట్యాంకుల ఎదట అవి ఏం చేస్తాయి? మొదటి రోజుల్లోనే ఔరంగాబాద్ పోయింది. 16న పారిస్‌లో భద్రతా మండలి హైదరాబాద్ ఫిర్యాదును చేతిలోకి తీసుకుంది. లాయక్ అలీ ఆశ అంతా ఆ మండలి మీదే. అక్కడ వాదనలు మొదలవుతుండగా ఇక్కడ సైన్యం జహీరాబాద్ దాకా వచ్చేసింది. 17న బీదర్. ఆ ఉదయమే లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం నిజాం నవాబు రేడియో ముందు కూచుని కాల్పులు ఆపమన్నానని లోకానికి చెప్పాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

తొమ్మిదిన్నర నెలల ప్రధాని పదవి. అయిదు రోజులు నిండని యుద్ధం. అంతే ఆయన యుద్ధకాలపు నాయకత్వం. కాగజ్‌నగర్‌లో మొదటి కాగితం తీయడానికే నాలుగేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఇంటి నిర్బంధం. 1950 మార్చిలో పహరా ఉండగానే మాయమై కొన్నాళ్లకు కరాచీలో తేలాడు. ఎట్లా తప్పించుకున్నాడన్న దాని చుట్టూ పరదా కట్టిన కార్ల కథలు హైదరాబాద్‌లో చాలాకాలం తిరిగాయి. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి, విడుదలయ్యాక అతనూ పాకిస్తాన్ పోయాడు. ఇక్కడ మిగిలిన మామూలు ముస్లింలకు అట్లాంటి దారి ఎక్కడిది? ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో సైన్యం వచ్చాక జరిగిన మారణకాండ మీద పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ఢిల్లీ దశాబ్దాలపాటు బీరువాలోంచి బయటికి తీయలేదు. కరీంనగర్ అడవుల్లో యూనియన్ మిలట్రీ క్యాంపులు పెట్టి కమ్యూనిస్టుల కోసం గాలింపు మొదలుపెట్టింది. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. విముక్తి అన్నవాళ్లూ, విషాదం అన్నవాళ్లూ ఈ మూడేళ్లను గబగబా దాటేస్తారు.

ఇప్పుడు పుస్తకం సంగతి. హైదరాబాద్ పతనం మీద పెద్దమనుషులు రాసిన పుస్తకాలకు కొదవ లేదు. వి.పి. మీనన్ సంస్థానాల విలీనం మీద 1956లో రాశాడు, కె.ఎం. మున్షీ 1957లో రాశాడు. ఇద్దరూ గెలిచిన పక్షం. ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలు ఆయన పోయిన చాలా ఏళ్లకు అచ్చయ్యాయి. వీళ్ల మధ్య లాయక్ అలీ పుస్తకానిది ఒంటరి గొంతు. అధికార కాగితాలన్నీ హైదరాబాద్ దఫ్తర్లలో ఉండిపోయాయి, తాను పరాయి ఊళ్లో ఉన్నాడు. సంప్రదింపుల గదుల్లో ఎవరు ఏ మాట మీద నిలబడ్డారు, ఏ మాట వెనక్కి తీసుకున్నారు అన్నది అంత దగ్గరగా చెప్పగలిగినవాళ్లు తక్కువ. మీనన్ రాసినదాన్ని, మున్షీ రాసినదాన్ని ఆయన పుస్తకంతో కలిపి చదవకపోతే సగమే తెలుస్తుంది. మాట మర్యాదగా ఉంటుంది, బాధ నిజమైనది. ఓడినవాడి పుస్తకమని పక్కన పెట్టడం తప్పు.

కానీ ఆ విషాదం ఎవరిది? పుస్తకం నడిచేదంతా హైదరాబాద్ మంత్రుల గదులకూ ఢిల్లీ బంగళాలకూ మధ్యనే. పల్లె ఎక్కడో దూరంగా, శాంతిభద్రతల సమస్యగా, సరిహద్దు అవతలి నుంచి వచ్చే దాడులుగా కనిపిస్తుంది. ఆ సరిహద్దు అవతల చాందా శిబిరంలో వంగర నుంచి వచ్చిన ఒక కుర్రాడు పనిచేస్తున్నాడు. పేరు పాములపర్తి వెంకట నరసింహారావు. తర్వాత ఈ దేశానికే ప్రధాని అయ్యాడు. సిరిసిల్ల వైపు బద్దం ఎల్లారెడ్డి జనాన్ని కూడగడుతున్నాడు. 1952లో కరీంనగర్ జనం ఆయన్ను పార్లమెంటుకు పంపారు. రాజ్యాన్ని కాపాడుకోవడానికి వాషింగ్టన్, లండన్, పారిస్, కరాచీ వైపు చూసిన ప్రధాని కరీంనగర్ వైపు ఒక్కసారి చూసి ఉంటే, తన కాళ్ల కింద నేల ఎప్పుడో కదిలిందని తెలిసేది. అటు చూడక భద్రతా మండలి చుట్టూ తిరిగాడు.

లాయక్ అలీ 1971లో పోయాడు. మిల్లు 1950ల నాటికే బిర్లాల చేతికి మారింది, 2014లో మూతబడింది, 2018లో జేకే పేపర్ తీసుకుని తెరిచింది. ఆయన మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ 1948 సెప్టెంబర్‌లో లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లించిన పది లక్షల పౌండ్లు బ్యాంకులో పెరిగి పెరిగి మూడున్నర కోట్లయ్యాయి. అవి భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతాయని 2019 అక్టోబర్ 2న లండన్ కోర్టు తీర్పు చెప్పింది. కాగజ్‌నగర్ ఇప్పుడు కుమురం భీం పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంది.

ప్రధానులు తమ విషాదాలు తామే రాసుకున్నారు. మహ్మదాపూర్ గుట్టల్లో పోయినవాళ్లకు ఆ వీలు చిక్కలేదు. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. మీ ఇంట్లో గానీ మీ వాడకట్టులో గానీ అట్లాంటివాళ్లు ఉంటే దగ్గర కూచుని అడగండి. లెవీ గల్లా ఎవరు కొలిచారు, దఫ్తర్ ఎక్కడ కాల్చారు, రజాకార్లు వచ్చిన రాత్రి ఎవరింట్లో దాక్కున్నారు, యూనియన్ మిలట్రీ వచ్చాక పక్కింటి ముస్లిం కుటుంబం ఏమైంది. ఇష్టమైనదీ ఇష్టం లేనిదీ రెండూ రాయండి. తేదీ గుర్తు లేకపోతే అప్పుడు ఏ పంట కోతకొచ్చిందో రాయండి. ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.